తలుపు తీసిన చెంగడు

దివాణం తలారి వచ్చి గురవమ్మ గుడిసె ముందు కర్ర తాటించడం దగ్గర కిందటి వారం కథ ఆగింది. వారం వారం చదువుతున్నవారికి ఆ చప్పుడు ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది. కొత్తగా ఈ పుట తిప్పినవారి కోసం నాలుగు మాటలు.

చంద్రగిరికి పడమటి కొండల్లో ఉన్న ఈతమాకులకోట ముందు కొన్ని వందల ఏళ్ళ కిందట ఒక యుద్ధం జరిగింది. కోటను ఏలిన వీరదేవరాజు అందులో చనిపోయాడు. తలుపుకు కాపలా ఉన్న దిగువపల్లె చెంగడు శత్రువుల దగ్గర బంగారం తీసుకుని తలుపు తీశాడని, బంగారం ఇచ్చిన శత్రువులే ఆ తర్వాత వాణ్ణి నరికేశారని దివాణం వారు చెప్పే కథ. ఆ ద్రోహానికి గుర్తుగా ఏటా వైశాఖంలో తలుపుల పండుగ జరుగుతుంది. చెంగడి వంశంలోని మగవాడొకడు మెడకు పలుపుతాడు వేసుకుని కోట తలుపు బయట తల వంచి నిలబడాలి. ఊరి ఆడవాళ్ళు వాడి మీద దుమ్ము చల్లుతారు. దివాణం వారసుడు చింతబరికెతో వీపు మీద కొడతాడు. ఆ తాడు వేసుకునే మనిషి ఉన్నంతకాలం ఏటిగట్టు చేను దిగువపల్లె వాళ్ళు సాగు చేసుకోవచ్చు.

గురవమ్మ భర్త పెంచలయ్య బతికినంతకాలం ఆ తాడు వేసుకున్నాడు. పోయిన చలికాలంలో జ్వరం తగిలి కన్నుమూశాడు. ఈ ఏడు కొడుకు జయరావు వంతు. జయరావు పాకాల రైలుకట్ట మీద కూలి చేసుకుంటున్న వయసొచ్చిన కుర్రాడు. "మా ఇంటి నుంచి ఎవురూ నిలబడరు" అని గురవమ్మ దివాణానికి కబురు పంపింది. దానికి జవాబుగానే, తల్లీకొడుకులను దివాణానికి రమ్మని చెప్పడానికి తలారి వచ్చాడు.

ఇక చదవండి.

తల్లీకొడుకులు పల్లె దాటుతుంటే పక్కింటి కుప్పమ్మ అడ్డం వచ్చింది. చంకలో మనవరాలు, కళ్ళలో నిద్ర లేని ఎరుపు.

"గురవమ్మా, ఒక్క పూట తల వంచితే ఏడాదంతా పల్లె తింటుంది. నీ మొగుడు వంచలేదా?"

"వంచినాడు. పండగ అయినాక ఈపుకు ఆముదం రాసింది నేను. దెబ్బలకు మూలగలేదు కుప్పమ్మా ఆయన. కొడుకు సూసినాడే అని మూలిగినాడు."

కుప్పమ్మ చూపు జయరావు మీదకు మళ్ళింది. ఏదో చెప్పబోయి, చెప్పకుండా పక్కకు తప్పుకుంది. ఆ తప్పుకోవడంలో ఏముందో గురవమ్మకు అప్పుడు తెలియలేదు.

దివాణం ముందు కొత్త పందిరి లేచింది. నగరి నుంచి తెప్పించిన రంగుల బట్టలు స్తంభాలకు చుడుతున్నారు. మామిడికాయల గుత్తులు తోరణాలకు కడుతున్నారు. స్వరాజ్యం రేపో మాపో అంటున్న రోజులవి. పండుగకు మద్రాసు నుంచి పెద్ద నాయకుడు వస్తున్నాడు. ఆయన మెప్పు సంపాదిస్తే రాబోయే ప్రభుత్వంలో తనకొక కుర్చీ దొరుకుతుందని దివాణం దొర దేవరాజుల ఆశ. నిన్నమొన్నటి దాకా తెల్ల కలెక్టరు వస్తే కోట గుమ్మం దాకా ఎదురుపోయిన మనిషే ఈయన. ఇప్పుడు ఒంటి మీద ఖద్దరు. కట్టడం కొత్త కావడంతో దాని మడతలు ఇంకా విరగలేదు.

సావిడి అరుగు మీద ఆదిమూలం అనే కథకుడు తంబురా మీటుతూ రేపటి కథ పాడి వినిపిస్తున్నాడు. దివాణం వారు ప్రత్యేకంగా రాయించుకున్న కథ. దేవరాజులు పడక్కుర్చీలో కూర్చుని తల ఊపుతున్నాడు. పైన కిటికీ చెక్కల వెనక దివాణం ఆడవాళ్ళు వింటున్నారు. వాళ్ళు మగవాళ్ళ ముందుకు రావడం ఆ ఇంట లేదు.

దిగువపల్లె వాళ్ళు సావిడి మెట్లు ఎక్కకూడదు. గురవమ్మ, జయరావు కింద ఎండలోనే నిలబడ్డారు. దేవరాజులు వాళ్ళను చూసి కూడా చూడనట్టే చేయి ఊపాడు. కథ కానివ్వమని.

"తెల్లదొర ఫిరంగులు పిడుగులై కురవంగ
వీరదేవరాజు వెనుదిరగడాయె!"

ఆదిమూలం గొంతు బాగుంది. పందిరి కట్టేవాళ్ళు కూడా పని ఆపి వింటున్నారు. తెల్లవాళ్ళ సేన ఏరు దాటి వచ్చిందట. వీరదేవరాజు ఒక్కడే వందమందిని కూల్చాడట. తల తెగిపడినా మొండెం కత్తి దూస్తూనే ఉందట. అంతలో కోట తలుపు కిర్రుమన్నదట.

"మాతృదేశము నమ్మె మాయదారి చెంగడు..."

"కాస్త నిలుపప్పా" అంది గురవమ్మ.

గట్టిగా అనలేదు. అయినా తంబురా ఆగిపోయింది. కథ మధ్యలో దిగువపల్లె మనిషి నోరు తెరవడం ఆ సావిడి ఎన్నడూ ఎరగదు.

"ఆ పొద్దు కోట మీదికి వచ్చింది తెల్లోళ్ళా అప్పా?"

ఆదిమూలం దేవరాజుల వైపు చూశాడు. "కతలో అట్ల ఉండాదమ్మా."

"మా మామ తాడు ఏసుకున్నప్పుడు నేను కొత్తకోడల్ని. అప్పుడు పాడిన కతలో వచ్చింది అరవదేశం దండు. మా ఆయన కాలంలో తురకదండు అన్నారు. ఇప్పుడేమో తెల్లోళ్ళు అంటాండారు. ఇంతకీ ఎవురు వచ్చినారు?"

"కాలాన్ని బట్టి కత కొంచెం అటూ ఇటూ అవతాది తల్లీ..."

"కానీ. దండు పేరు మారింది. తలలేని మొండెం మా మామ కాలంలో లేదు, అదీ వచ్చి చేరింది. అన్నీ మారినప్పుడు మా చెంగడొక్కడు మారగూడదా? వాడొక్కడే ఎప్పుడూ ద్రోహేనా?"

పందిరి మీద ఎవరో నవ్వబోయి దగ్గులోకి దింపుకున్నారు. దేవరాజులు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆయనకు కోపం వచ్చినప్పుడు గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఏమే గురవమ్మా. మొగుడు పోయిన ఆడదానివని ఇంతసేపు ఓర్చుకున్నాను. దండు ఎవురిదైతే నీకెందుకు? ఒక్కటే అడగతాను, జవాబు చెప్పు. చెంగడు తలుపు తీసినాడా, లేదా?"

అందరూ ఆమె నోటి వైపే చూశారు. తీయలేదంటుందని, ఎవరో కావాలని అంటగట్టారంటుందని, ఏడుస్తుందని అనుకున్నారు. దేవరాజులు దానికి సిద్ధంగానే ఉన్నాడు.

"తీసినాడు" అంది గురవమ్మ.

జయరావు తల్లి వైపు తిరిగి చూశాడు.

"తీసినాడు దొరా. మా వాడు తీయలేదని మేమెప్పుడూ అనలేదు. ఎవురి కోసరం తీసినాడో మీరే ఎప్పుడూ అడగలేదు."

"బంగారం కోసరం."

"ఆ బంగారం ఏమయింది? మా పల్లెలో ఎవురి మెడలోనన్నా కనపడిందా? ఇన్ని తరాల్లో ఒక్క ముక్కుపుల్లయినా?"

ఆమె కొంగు సర్దుకుంది. ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. నీడలోకి జరగలేదు.

"దండు ఏరు దాటతా ఉండాదని తెలిసినాక కోట తలుపులు ఏసేయమన్నారు. గుర్రాలు లోపల, గింజలు లోపల, పెద్దింటోళ్ళు లోపల. కట్టెలకు పోయినోళ్ళు, మేకల్ని తోలుకొని పోయినోళ్ళు, చంటిబిడ్డల తల్లులు బయట. వాళ్ళంతా పరిగెత్తుకొచ్చి తలుపు మీద పడినారు. ఎనక దండు, ముందర మూసిన తలుపు. లోపల గడియ కాడ మా చెంగడు. గోళ్ళతో తలుపు గీరతా ఉంటే ఆ చప్పుడు వాని చెవిలో పడతా ఉండాది. తీయొద్దని ఆజ్ఞ. తీసినాడు."

"ఎవురు చెప్పినారే ఈ కత నీకు?"

"కత కాదు, పాట. మా పల్లెలో బిడ్డ పుడితే పురిటింట్లో పాడతాము. మొగోళ్ళ ముందర పాడేది లేదు. ఈ పొద్దు పాడతాను."

ఎవరూ ఆపేలోపే ఆమె అందుకుంది. ఆదిమూలం గొంతులాంటి గొంతు కాదు. ఊయల ఊపే గొంతు, కొంచెం బొంగురు.

"తలుపు తీయర చెంగ, తలుపు తీయర తండ్రి
బయట ఏడ్చేటిదీ నీ బిడ్డ గాదంట
ఎవరి బిడ్డయితేమి, ఈటెకొకటే గదర
గడియ తీసిన చేయి కన్నతల్లంట."

పాట అయిపోయింది. ఆదిమూలం వేలు తనకు తెలియకుండానే తంబురా తీగ మీద ఆ వరుసను వెతుకుతోంది.

"తరువాత?" అని అడిగాడు అతను మెల్లగా. "వాడేమయినాడు?"

"మా పాట అంతటితో అయిపోతాది అప్పా. వాడేమయినాడో మాకు తెల్దు."

దేవరాజులు నవ్వాడు. "బాగా కట్టినావు. రాత్రికి రాత్రి అల్లినట్టుండాది. ఈ పాట నువ్వు గాక ఇంకెవురన్నా విన్నారా ఈ లోకంలో?"

"నేను విన్నాను."

మాట పైనుంచి వచ్చింది. కిటికీ చెక్క తెరుచుకుంది. కొంతసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. సావిడి లోపలి తలుపు తోసుకుని జ్ఞానాంబ బయటికి వచ్చింది. దేవరాజులకు పెద్దమ్మ ఆమె, పెదనాయన భార్య. కాపురానికి వచ్చిన ఏడాదికే భర్త పోయాడు. ఆనాటి నుంచి ఆ సావిడిలోకి, మగవాళ్ళ మధ్యకు, ఆమె వచ్చింది లేదు. పందిరి కట్టేవాళ్ళు ఎటు చూడాలో తెలియక నేల చూశారు.

"పెద్దమ్మా! లోపలికి పో."

"నలభై ఏండ్లు లోపలే ఉండాను లేరా" అంది జ్ఞానాంబ. "ఆ పాట మన ఇంట్లో కూడా ఉండాది. కోడలు నీళ్ళోసుకుంటే అత్త చెవిలో చెప్పాల. మా అత్త నాకు ముందే చెప్పింది. నాకు బిడ్డలు లేరు, నేనెవురికీ చెప్పలేదు."

"ఏమని చెప్పింది?"

"వీరదేవరాజు పెండ్లాం పురిటికి పుట్టింటికి పోయి ఉండె. దండు వస్తా ఉండాదని తెలిసి, మొగుడి కాడ ఉండాలని నిండు చూలాలు నడిచి వచ్చింది. వచ్చేసరికి తలుపులు మూసినారు. బయట ఆ జనంలో ఆమె కూడా ఉండె. మొగుడు గోడ మీద నుంచి సూసినాడో లేదో నాకు తెల్దు. తీయొద్దన్నది మాత్రం ఆయనే. ఆ తలుపు తెరుచుకోకపోయుంటే ఆమె కడుపులో బిడ్డ లేదు. ఆ బిడ్డ లేకపోతే నీ తాత లేడు, నువ్వు లేవు, నీ చేతిలో చింతబరికె లేదు."

దేవరాజుల ముఖం నల్లబడింది. "ఆడోళ్ళ పాటలు నమ్ముకొని వంశాన్ని బజారుకు ఈడస్తావా?"

"నిజమో అబద్ధమో నేను సూడలేదురా నాయనా. నీ కతలో తల తెగిన మొండాన్ని నువ్వు సూసినావా?"

ఈసారి పందిరి మీద నవ్వు దగ్గులోకి దిగలేదు.

జ్ఞానాంబ గురవమ్మ వైపు తిరిగింది. "మీ చెంగడు కాపాడింది మా ఇంటి రాణిని. ఇంక మీ వాడికి తాడు ఎందుకు?" ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. పెద్ద బహుమానం ఇచ్చినట్టే అంది, ఆమె మనసులో అది బహుమానమే.

గురవమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. తర్వాత అంది. "అమ్మా, మీ మాటకు దండం. కానీ ఒక మాట. రాణెమ్మ లోపలికి వచ్చింది కాబట్టి మా వాడు మంచోడు కాలేదు. ఆ పొద్దు బయట మేకలు కాసే పిల్లొకతే ఉండి, దానికోసరం తలుపు తీసి కోటంతా కాలిపోయినా, వాడు ద్రోహి కాడు. మాకు అది చాలు."

జ్ఞానాంబ ఆ మాటకు ఒక్క క్షణం తడబడింది. తర్వాత ఆమె ముఖంలో ఏదో మారింది. మెల్లగా తల ఊపింది.

దేవరాజులు లేచి నిలబడ్డాడు. కోపం పోయి ముఖంలోకి ఒక నెమ్మది వచ్చింది. ఆ నెమ్మదిని చూసే గురవమ్మకు మొదటిసారి భయం వేసింది.

"పాటలు పాడుకోండి. మీ పురిటింట్లో మీరు, మా అంతఃపురంలో వీళ్ళు. నాకు అభ్యంతరం లేదు. రేపు పొద్దున మద్రాసు పెద్దమనిషి ముందర తలుపు కాడ ఒక మనిషి తాడు ఏసుకొని నిలబడతాడు. అది నీ కొడుకే కానక్కరలేదు గురవమ్మా. తెల్లవారక ముందే గురప్ప వచ్చి ఒప్పుకొని పోయినాడు. చెంగడి వంశమని చెప్తే మద్రాసాయనకు ఏమి తెలస్తాది? రేపటి నుంచి ఏటిగట్టు చేను గురప్పది. మిగిలిన పల్లెకు అందులో కాలు పెట్టే పని లేదు."

గురప్ప అంటే కుప్పమ్మ మొగుడు. క్షయ పట్టి నాలుగడుగులకొకసారి కూర్చుంటూ నడిచే మనిషి. పొద్దున దారిలో కుప్పమ్మ చెప్పబోయి చెప్పనిదేమిటో గురవమ్మకు ఇప్పుడు అర్థమయింది. కొడుకు మెడ మీది తాడును ఆమె తెంపలేదు. పక్కింటివాడి మెడకు జరిపింది, అంతే. పైగా పల్లె నోటికాడి కూడు పోయింది. ఆమె కాళ్ళ కింద నేల వేడి అప్పుడు తెలిసింది.

"దొరా" అన్నాడు జయరావు.

ఇంతసేపట్లో అతను నోరు విప్పడం ఇదే.

"గురప్ప మామ వొద్దు. ఆయన ఒక దెబ్బకు కూడా ఆగడు. నేను నిలబడతాను. చేను ఎప్పటిమాదిరే పల్లెకంతా ఉండాల."

"జయరావూ!" అని అరిచింది గురవమ్మ.

దేవరాజులు మీసం కింద నవ్వుకున్నాడు. "తల్లికి లేని తెలివి కొడుక్కు ఉండాది. సరే, చేను మీదే. రేపు పొద్దున్నే రా." ఆదిమూలం వైపు తిరిగి, "ఊఁ, కానియ్యి" అన్నాడు. ఆదిమూలం తంబురా మీటలేదు. గొంతు పట్టేసిందని, నీళ్ళు కావాలని లేచి పక్కకు వెళ్ళిపోయాడు.

కొండవాలు దిగుతుంటే గురవమ్మ కొడుకు ముందు నడిచింది. వెనక్కి తిరగలేదు. సగం దారిలో ఆగింది.

"మీ నాయన తల వంచితే అర్థముండాది. ఆయనకు ఎదురు చెప్పడం తెల్దు. రైలుకట్ట మీద పని చేసి, నలుగురు మనుషుల్ని సూసి, నువ్వు కూడానా? అంతమంది ముందర నేను నోరు తెరిచింది దీనికేనా?"

"నిలబడతానన్నానమ్మా. తల వంచతానన్నానా?"

ఆమె అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఆ తలుపు కాడ రేపు ఎంత జనముంటారో సూడు. చంద్రగిరి నుంచి, పాకాల నుంచి, తిరపతి నుంచి. మద్రాసు ఆయన కుర్చీ ముందరే ఉంటాది. దిగువపల్లె మనిషికి అంతమంది ఎదట నిలబడే చోటు ఇంకెక్కడ దొరకతాది? చేను పోకుండా ఆ చోటు ఆయనే నాకిచ్చినాడు. తాడు ఏసుకొని, తల ఎత్తి, చెంగడు ఎందుకు తలుపు తీసినాడో పాడతాను. బరికె దించితే దించనీ. పాడతా ఉన్నోణ్ణి కొడితే జనం సూస్తారు గదా, ఎవుర్ని ఎందుకు కొడతాండారో."

గురవమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. దవడ పెంచలయ్యదే. కళ్ళు మాత్రం ఎవరివో ఆమెకు తెలియదు.

"మొగోళ్ళు పాడే పాట కాదురా అది" అంది చివరికి.

"మగబిడ్డకి కూడా పాడినావు గదా. నేర్పు."

దారి పక్కన రాతి మీద కూర్చుని ఆమె మొదటి చరణం చెప్పింది. అతను పాడాడు. వరుస తప్పింది. "అట్ల కాదు, తండ్రీ అన్నకాడ దిగాల" అని మళ్ళీ చెప్పింది. మూడోసారికి కుదిరింది. గొంతు బండగానే ఉంది, అయినా దానిలో బతిమాలడం లేదు. గురవమ్మకు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వు వచ్చింది.

అప్పుడు పైనుంచి రాళ్ళు దొర్లాయి. దివాణంలో అంట్లు తోమే సుబ్బులమ్మ రొప్పుకుంటూ పరిగెత్తుకొస్తోంది. జుట్టు ఊడిపోయింది, ఒక చెంప ఎర్రగా కందిపోయింది.

"గురవమ్మా! కిందికొచ్చి మాట్లాడిన పెద్దదొరసానిని పైగదిలో ఏసి బయట గొళ్ళెం పెట్టినారు. మద్రాసాయన పోయిందాకా తీయొద్దన్నారు. అడ్డం పోతే నన్ను కొట్టినాడు దొర."

"ఆమెకేమన్నా అయిందా?"

"లే. తలుపు సందులోంచి నాకొక మాట చెప్పింది. నీకు చెప్పమనింది. మీ పాట అంతటితో అయిపోలేదంట. ఇంకొక చరణం ఉండాదంట, అది దివాణం ఆడోళ్ళ కాడే ఉండాదంట." సుబ్బులమ్మ వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "చెంగణ్ణి చంపింది ఆ దండు కాదంట. ఎవురు చంపినారో ఆ చరణంలో పేరుతో సహా ఉండాదంట. అది లేకుండా నీ కొడుకును తలుపు కాడికి పంపొద్దనింది."

"ఆ చరణం ఏమిటి?"

"చెప్పబోయేసరికి దొర మెట్లెక్కినాడు."

జయరావు లేచాడు. "నేను పోతానమ్మా."

"నువ్వు పోతే రేపటికి ముందే తాడు ఏస్తారు. ఆడోళ్ళ పాట, ఆడదాన్ని నన్నే పోనీ." గురవమ్మ కొంగు నడుముకు బిగించి దోపింది. దివాణం లోపలి గడప దిగువపల్లె మనిషి ఎవరూ ఇంతవరకు దాటలేదు. అది ఆమెకు తెలుసు, కొడుక్కూ తెలుసు.

"సుబ్బులమ్మా, పెరటి దోవ యాడ ఉండాదో సూపించు" అని, వచ్చిన వాలునే పైకి ఎక్కసాగింది.